పిసరంత లోహం, స్ఫటికం నిండా వెలుగు

స్వచ్ఛమైన అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికానికి రంగుండదు. అందులో నూటికి ఒక వంతు క్రోమియం చేరితే చాలు, అది కెంపవుతుంది. అదే క్రోమియం బెరిల్ అనే ఖనిజంలో చేరితే పచ్చ అవుతుంది. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. ఇంతవరకు రత్నాల వ్యాపారులు కూడా చెబుతారు. చీకటి గదిలో ఈ రెండు రాళ్ల మీదా 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి వేసి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. మేలురకం కెంపు నిప్పుకణికలా ఎర్రగా రాజుకుంటుంది. పగటి వెలుతురులో ఆకుపచ్చగా కనిపించిన పచ్చ కూడా, అందులో ఇనుము తక్కువుంటే, మసకగానైనా ఎర్రగానే వెలుగుతుంది.

రాయి రంగు మారింది, అది వెదజల్లే వెలుగు మాత్రం మారలేదు. స్ఫటికాల సందీప్తి, అంటే అవి పీల్చుకున్న శక్తిని వెలుగుగా వదిలే గుణం మీద నూట యాభై ఏళ్లుగా జరుగుతున్న పనిలో పెద్ద భాగం ఇలాంటి చిక్కుముడులు విప్పడానికే ఖర్చయింది. వెలిగేది లోహమా, దాన్ని పెట్టుకున్న స్ఫటికమా? ఈ రంగంలోని పరిశోధనలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు అర్థమైంది ఒకటే. లోహం పేరు చెప్పినంత మాత్రాన వెలుగు గురించి సగం కూడా చెప్పినట్టు కాదు. ఆ లోహం ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంది, స్ఫటికంలోని పరమాణువుల వరస అమరికలో, అంటే జాలకంలో, ఏ చోట కుదురుకుంది, చుట్టూ ఏ పరమాణువులున్నాయి, దగ్గర్లో ఇంకే లోహం ఉంది అన్నవి తెలిస్తేనే వెలుగు రంగు, బలం, నిడివి తెలుస్తాయి.

కెంపు సంగతే కాస్త నిదానంగా చూద్దాం. అందులో క్రోమియం అల్యూమినియం చోటును ఆక్రమిస్తుంది. రెండింటికీ మూడేసి ధనావేశాలు కనుక విద్యుత్ లెక్క సరిపోతుంది. పరిమాణంలో మాత్రం క్రోమియం పెద్దది, అందుకని చుట్టూ ఉన్న ఆరు ఆక్సిజన్లను కొద్దిగా బయటికి నెట్టి ఇరుక్కుని కూర్చుంటుంది. ఆ ఆక్సిజన్ల విద్యుత్ క్షేత్రం క్రోమియంలోని డి ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలను చీలుస్తుంది. చీలిక ఎంత వెడల్పన్నదాన్ని బట్టి ఏ రంగును పీల్చుకోవాలో తేలుతుంది. కెంపు 405 నానోమీటర్ల దగ్గర ఊదాను, 550 దగ్గర ఆకుపచ్చను పీల్చుకుని ఎరుపును వదిలేస్తుంది. పచ్చలో క్షేత్రం కాస్త బలహీనం. అందువల్ల ఆ రెండు పట్టీలూ 430, 600 వైపు జరుగుతాయి, ఆకుపచ్చ మిగులుతుంది.

వెలుగు విడుదలయ్యే తీరు వేరు. పీల్చుకున్న శక్తిలో కొంత జాలకంలో కంపనాలుగా, అంటే వేడిగా పోయాక, ఎలక్ట్రాన్లు ఒక మెట్టు మీద ఆగుతాయి. ఆ మెట్టు మీద అవి కక్ష్య మారినట్టు కాదు, ఒక ఎలక్ట్రాన్ స్పిన్ తిరగబడిందంతే. అందువల్ల ఆ మెట్టు ఎత్తుకు చుట్టూ ఉన్న క్షేత్రం బలంతో పెద్దగా పని లేదు. కెంపులో 694.3, 692.8 నానోమీటర్ల దగ్గర రెండు సన్నని ఎర్ర గీతలు వస్తాయి. పచ్చలోనూ ఆ గీతలు అక్కడికి కొద్ది దూరంలోనే, 680 దాటాక కనిపిస్తాయి. జపాన్ శాస్త్రవేత్తలు టనాబె, సుగానో 1954లో గీసిన పటాలు ఈ విషయాన్ని చూపుతో పట్టుకునేలా చేశాయి. క్షేత్రం బలం పెరిగేకొద్దీ కొన్ని స్థాయిలు ఏటవాలుగా పైకెక్కుతాయి, స్పిన్ మాత్రమే మారిన స్థాయి దాదాపు అడ్డగీతలా సాగిపోతుంది. క్షేత్రం మరీ బలహీనమైతే ఏటవాలు గీత ఆ అడ్డగీత కిందికి దిగిపోతుంది. అప్పుడు సన్నని ఎర్ర గీతలు పోయి పరారుణం వైపు వెడల్పాటి పట్టీ వస్తుంది.

స్పిన్ మారే దారిలో దిగడం ఎలక్ట్రాన్‌కు అంత సులువు కాదు. కెంపులో అది సగటున 3 మిల్లీసెకన్లు ఆగుతుంది. ఎన్నో అయాన్లు నానోసెకన్లలో వెలిగి ఆరిపోయే చోట ఇది చాలా పెద్ద విరామం. ఆ విరామంలోనే పై మెట్టు మీద ఎలక్ట్రాన్లను గుంపుగా పోగుచేయవచ్చు. 1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబులో, హ్యూస్ ప్రయోగశాలలో థియోడర్ మైమన్ వెలిగించిన మొదటి లేజర్ కెంపు కడ్డీతో నడిచింది. లేజర్ కెంపులో క్రోమియం ఆక్సైడ్ వంతు బరువులో 0.05 శాతం, లేత గులాబీ రంగు వచ్చేంత మాత్రమే.

కెంపుకూ పచ్చకూ తేడా ఎందుకన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు సాధారణంగా క్రోమియానికీ ఆక్సిజన్‌కూ మధ్య దూరాన్ని కారణంగా చూపుతాయి. 2000 తర్వాత ఎక్స్-రే శోషణ పద్ధతుల్లో ఆ దూరాన్ని నేరుగా కొలిచారు. రెండు రాళ్లలోనూ అది ఇంచుమించు 1.97 ఆంగ్‌స్ట్రామ్‌లే. తేడా అంతా ఆరు ఆక్సిజన్ల అవతల ఉన్న మిగతా జాలకం క్రోమియం మీద మోపే విద్యుత్ క్షేత్రంలో ఉందని ఆ తర్వాతి లెక్కలు చెబుతున్నాయి. పొరుగువాళ్లు మాత్రమే కాదు, ఊరంతా లెక్కలోకి వస్తుంది. ఈ సవరణ ఇంకా తరగతి గదికి చేరవలసే ఉంది, చేరాలని నా కోరిక.

లోహం వల్లే వెలుగు వస్తోందని తెలియడానికి చాలా కాలం పట్టింది. 1602-03 ప్రాంతంలో ఇటలీలోని బొలోన్యాలో విన్చెంజో కాషియారోలో అనే చెప్పుల తయారీదారు దగ్గర్లోని కొండ నుంచి తెచ్చిన బరువైన రాయిని బొగ్గుతో కాల్చాడు. అది ఎండలో పెట్టి తెస్తే చీకట్లో వెలిగింది. ఆ బేరైట్ రాయి కాలి బేరియం సల్ఫైడ్ అయింది. అందులో వెలిగిందేమిటో మాత్రం నాలుగు శతాబ్దాలు తేలలేదు. 2012లో ఫిన్లాండ్ పరిశోధకుల నాయకత్వంలో ఆ రకం రాళ్లను పరీక్షిస్తే, వెలుగు ఒక ధనావేశమున్న రాగిదని తేలింది. ఆ నాలుగు శతాబ్దాల నడుమ, 1866లో ఫ్రాన్స్‌లో సీదో జింక్ సల్ఫైడ్ స్ఫటికాలు తయారుచేశాడు. 1880ల్లో వెర్నై కాల్షియం సల్ఫైడ్ వెలుగుకు లవలేశం బిస్మత్ కారణమని చూపాడు. కొలిమి మంటలో కృత్రిమ కెంపులు పెంచే పద్ధతిని తర్వాత లోకానికిచ్చిందీ ఈయనే. జర్మనీలో లేనార్డ్ రాగి, బిస్మత్, మాంగనీసులను వరసగా మార్చి చూసి, శుద్ధ సల్ఫైడ్ వెలగదనీ లోహం పిసరంత పడితేనే వెలుగుతుందనీ ప్రయోగాలతో స్థిరపరిచాడు.

ఒకే లోహం ఆవేశం మారితే ఎంత మారిపోతుందో యూరోపియం చూపినంత స్పష్టంగా మరే లోహమూ చూపదు. మూడు ధనావేశాలున్నప్పుడు దాని ఎఫ్ ఎలక్ట్రాన్లు లోపలి కక్ష్యలో దాక్కుని ఉంటాయి, బయటి పొరలు వాటికి గోడలా అడ్డుంటాయి. ఏ స్ఫటికంలో పెట్టినా దాని గీతలు 590 నుంచి 620 నానోమీటర్ల చుట్టూనే, నారింజ-ఎరుపులోనే ఉంటాయి. 1964లో యిట్రియం వెనడేట్‌లో యూరోపియం పెట్టాక కలర్ టీవీ తెరకు నిక్కమైన ఎరుపు దొరికింది. స్ఫటికం ప్రభావం ఇక్కడ గీతల బలాబలాల్లో మాత్రమే కనిపిస్తుంది. యూరోపియం సౌష్ఠవమైన చోట ఉంటే 590 దగ్గరి గీత పైచేయి అవుతుంది, సౌష్ఠవం చెడిన చోట ఉంటే 612 దగ్గరి గీత బలంగా వస్తుంది. అందుకే కొందరు పరిశోధకులు యూరోపియాన్ని వెలుగు కోసం కాక స్ఫటికం లోపలి చోటును పరీక్షించే సాధనంగా వాడతారు.

రెండు ధనావేశాల యూరోపియం తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. ఇక్కడ ఎలక్ట్రాన్ ఎఫ్ నుంచి బయటి డి కక్ష్యలోకి ఎగబాకుతుంది. ఆ డి కక్ష్య చుట్టుపక్కల పరమాణువులకు పూర్తిగా బహిర్గతం. బేరియం మెగ్నీషియం అల్యూమినేట్‌లో అది 450 దగ్గర నీలంగా, స్ట్రాన్షియం అల్యూమినేట్‌లో 520 దగ్గర ఆకుపచ్చగా, 2006లో జపాన్‌లో వెలువడిన కాల్షియం అల్యూమినియం సిలికాన్ నైట్రైడ్‌లో 650 దగ్గర ఎర్రగా వెలుగుతుంది. ఆక్సిజన్ బదులు నైట్రోజన్ చుట్టూ ఉంటే బంధంలో ఎలక్ట్రాన్లు ఎక్కువగా పంచుకోబడతాయి, డి స్థాయి ఇంకా కిందికి దిగుతుంది. ఈ పొడులను కాల్చే కొలిమిలో హైడ్రోజన్ కలిపిన నైట్రోజన్ సరిపడా పారకపోతే కొంత యూరోపియం మూడు ఆవేశాలతోనే మిగిలిపోతుంది. అందువల్ల పొడి రంగు చూసి లోపల ఏ యూరోపియం ఎంతుందో చెప్పడం ప్రమాదం. స్పెక్ట్రమ్ చూడాలి.

మాంగనీసు కథ కూడా ఇలాంటిదే, అయితే అక్కడ ఒక సూత్రానికి గండి పడుతుంది. రెండు ఆవేశాల మాంగనీసు చుట్టూ నలుగురు పొరుగువాళ్లుంటే ఆకుపచ్చ, ఆరుగురుంటే నారింజ-ఎరుపు అని నియమం చెబుతారు. విల్లెమైట్ అనే జింక్ సిలికేట్‌లో 525 దగ్గర ఆకుపచ్చ, కాల్సైట్‌లో నారింజ-ఎరుపు. నియమం చక్కగా సరిపోయింది. మరి జింక్ సల్ఫైడ్‌లో మాంగనీసు చుట్టూ నాలుగే గంధకాలున్నా అది 585 దగ్గర నారింజగా ఎందుకు వెలుగుతుంది? గంధకంతో బంధం మరింత సమయోజనీయం, అంటే ఎలక్ట్రాన్లను ఎక్కువగా పంచుకునేది కనుక స్థాయిలు కిందికి జరుగుతాయి. క్షేత్రం ఒక్కటే చూసి రంగు ఊహిస్తే ఇలాంటి చోట బోర్లాపడతాం.

ఇక నేడు ప్రతి ఇంటి వెలుగు అయిన తెల్ల ఎల్ఈడీ. ఆరిపోయిన ఎల్ఈడీ బల్బు పై డూము విప్పి చూడండి. చిన్న చిన్న చతురస్రాల మీద పసుప్పచ్చని పూత కనిపిస్తుంది. ఆ పసుపులో ఉన్నది సాధారణంగా యిట్రియం అల్యూమినియం గార్నెట్, అందులో యిట్రియం చోట్లలో నూటికి రెండు మూడింటిలో సీరియం. కింద ఉన్న గాలియం నైట్రైడ్ చిప్ 450-460 నానోమీటర్ల నీలం వెలుగునిస్తుంది. సీరియం అందులో కొంత పీల్చుకుని 550 చుట్టూ వెడల్పాటి పసుపు పట్టీ ఇస్తుంది. మిగిలిన నీలం, ఈ పసుపు కలిసి కంటికి తెలుపు. ఈ పదార్థం గుణాలను 1967లో ఫిలిప్స్‌లో బ్లాసె, బ్రిల్ ప్రచురించారు. అప్పుడు దీపాల కోసం కాదు, త్వరగా ఆరిపోయే వెలుగు కావలసిన ఒకరకం ఎలక్ట్రాన్ గొట్టాల కోసం. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, 1996లో, జపాన్‌లోని నిచియా దాన్ని నీలి చిప్ మీద పూసింది. నీలి ఎల్ఈడీకి 2014లో అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ వచ్చింది. పైనున్న పసుపు పొడి చరిత్ర కూడా అంతే శ్రద్ధగా చెప్పుకోదగ్గది.

సీరియం ఇక్కడ ఇంత బాగా పనిచేయడానికి కారణాలు చాలా ఒకేచోట కలిశాయి. ఎఫ్ నుంచి డి కక్ష్యకు వెళ్లే దారికి నిషేధం లేదు కనుక అది నీలాన్ని గట్టిగా పీల్చుకుంటుంది, 60-70 నానోసెకన్లలో వెలుగు వదిలేస్తుంది. ఎంత శక్తిమంతంగా వెలిగించినా అయాన్లు ఖాళీ అవుతూనే ఉంటాయి. చాలా స్ఫటికాల్లో సీరియం వెలుగు అతినీలలోహితంలోనో నీలంలోనో ఉంటుంది. గార్నెట్‌లో చుట్టూ ఉన్న ఎనిమిది ఆక్సిజన్లు వంకరపోయిన ఘనంలా అమరి డి స్థాయిలను అసాధారణంగా చీల్చబట్టే అది పసుపు దాకా దిగింది. దానికి తోడు స్ఫటికాన్ని కొంచెం మార్చి రంగును దిద్దవచ్చు. యిట్రియం బదులు కొంత గడోలినియం పెడితే ఎరుపు వైపు, అల్యూమినియం బదులు గాలియం పెడితే ఆకుపచ్చ వైపు జరుగుతుంది. గడోలినియం ఎక్కువైనకొద్దీ చిప్ వేడికి వెలుగు తగ్గే గుణం కూడా పెరుగుతుంది. వెచ్చని తెలుపు కావాలంటే ఆ రుసుము చెల్లించాలి, లేదా పైన చెప్పిన నైట్రైడ్ ఎరుపును కలపాలి.

ఒక లోహం పీల్చుకుని ఇంకో లోహానికి శక్తిని అందించే జంటల గురించి వేరే పుస్తకమే రాయవచ్చు. 1942లో బ్రిటన్‌లో వచ్చిన ట్యూబులైటు పొడిలో యాంటిమొనీ, మాంగనీసు ఉన్నాయి. పాదరసపు అతినీలలోహితాన్ని యాంటిమొనీ పట్టి కొంత నీలంగా వదులుతుంది, కొంత మాంగనీసుకు ఇస్తుంది, మాంగనీసు దాన్ని నారింజగా మారుస్తుంది. మన పాఠశాలలు, ఆస్పత్రులు దశాబ్దాల పాటు ఈ ఇద్దరి ఉమ్మడి వెలుగులో నడిచాయి. ప్రకృతిలో దీని మంచి ఉదాహరణ న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్ గని. అక్కడి కాల్సైట్ అతినీలలోహిత దీపం కింద ఎర్రగా, పక్కనే విల్లెమైట్ ఆకుపచ్చగా మెరుస్తాయి. కాల్సైట్‌లో మాంగనీసు ఒక్కటే ఉంటే ఆ దీపానికి సరిగా స్పందించదనీ, సీసం శక్తిని పట్టి ఇస్తేనే వెలుగుతుందనీ 1947లో తేల్చారు. యిటర్బియం 980 నానోమీటర్ల పరారుణాన్ని పట్టి ఎర్బియానికి రెండు విడతల్లో అందిస్తే ఆకుపచ్చ వెలుగు రావడం 1966లో ఫ్రాన్స్‌లో ఓజెల్ చూపించిన మరో జంట మహిమ.

లోహం ఎంత పడితే అంత వెలుగా? ఆ ఆశతో పొడి తూచినవాళ్లందరికీ నిరాశే ఎదురైంది. ఒక హద్దు దాటాక వెలిగే అయాన్లు దగ్గరపడి, శక్తి ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకుతూ పోతుంది. దారిలో ఎక్కడో ఒక లోపం తగిలితే అక్కడ వేడిగా ఆరిపోతుంది. హద్దు లోహాన్ని బట్టి మారుతుంది. జింక్ సల్ఫైడ్‌లో రాగికి అది పదివేలలో ఒక వంతు స్థాయి, యిట్రియం ఆక్సైడ్‌లో యూరోపియానికి సుమారు 5 శాతం. ఇక ఇనుము, కోబాల్ట్, నికెల్ అసలే వెలుగును చంపే లోహాలు. జింక్ సల్ఫైడ్‌లో పది లక్షల్లో ఒకటి రెండు వంతుల నికెల్ పడినా తేడా తెలిసిపోతుంది. అందుకే ఈ పనిచేసేచోట స్టీలు గరిటె వాడరు. బర్మాలోని మొగోక్ కెంపులు పాలరాతిలో పుట్టాయి, వాటిలో ఇనుము తక్కువ. ఎండ తగిలితే ఆ ఎర్రదనానికి లోపలి నుంచి వచ్చే ఎర్ర వెలుగు తోడవుతుంది. థాయిలాండ్ కెంపుల పుట్టుక బసాల్ట్‌తో ముడిపడింది, ఇనుము ఎక్కువ. క్రోమియం ఉన్నా టార్చి కింద అవి దాదాపు మౌనంగా ఉంటాయి. రత్నపరీక్షకులు పుట్టిన చోటును అంచనా వేయడంలో ఈ తేడాను వాడుకుంటారు.

స్ఫటికంలో ఇలా పిసరంత కలిపే వాటిని డోపెంట్లంటారు. కొన్ని డోపెంట్లు తాము వెలగవు, శక్తిని దాచిపెడతాయి. 1996లో జపాన్ పరిశోధకులు స్ట్రాన్షియం అల్యూమినేట్‌లో యూరోపియంతో పాటు డిస్ప్రోసియం కలిపితే రాత్రి నిద్రపోయి లేచేదాకా వెలిగే పొడి వచ్చింది. గడియారాల మీదికీ, అత్యవసర దారి బోర్డుల మీదికీ రేడియోధార్మికత అక్కర్లేని వెలుగు దానితో వచ్చింది. డిస్ప్రోసియం సరిగ్గా ఏం చేస్తోందన్నదాని మీద మాత్రం ఇంకా వాదన నడుస్తోంది. మొదటి వ్యాసం అది ధనరంధ్రాన్ని, అంటే ఎలక్ట్రాన్ వదిలి వెళ్లిన ఖాళీని, పట్టి ఉంచుతుందంది. తర్వాత శక్తి స్థాయిల లెక్కలు వేసినవారు అది ఎలక్ట్రాన్‌ను పట్టుకుంటుందన్నారు. ఈ రెండో మాటకే ఆధారాలు ఎక్కువని నా అభిప్రాయం, ఆక్సిజన్ ఖాళీల పాత్రను పూర్తిగా కొట్టివేయలేకపోయినా.

ఇలా శక్తిని దాచుకునే గుణం మీదే మన దేశంలో వేలాదిమంది భద్రత ఆధారపడి ఉంది. ఎక్స్-రే గదిలో పనిచేసే టెక్నీషియన్ ఛాతీ మీద తగిలించుకునే చిన్న బ్యాడ్జిలో, బాబా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన ఏర్పాటులో, డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్‌ను టెఫ్లాన్‌తో కలిపి చేసిన మూడు బిళ్లలుంటాయి. ఒకదాని మీద లోహపు తొడుగు, ఒకదాని మీద ప్లాస్టిక్, ఒకటి తెరిచి. వికిరణం తగిలినప్పుడల్లా ఎలక్ట్రాన్లు స్ఫటికంలోని ఉచ్చుల్లో చిక్కుకుంటాయి. నెలల తర్వాత బిళ్లను వేడిచేస్తే 230 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో అవి విడుదలై, డిస్ప్రోసియం నీలం, పసుపు గీతలుగా ఆ మనిషి పొందిన మోతాదును చెబుతుంది. మూడు బిళ్లల నిష్పత్తి చూసి ఏ రకం వికిరణమో కూడా అంచనా వేస్తారు. ఒక శాతంలో పదో వంతో ఇరవయ్యో వంతో ఉన్న లోహం మీద ఇంత బాధ్యత పెట్టడం నాకు ఇప్పటికీ అబ్బురమే. హాఫ్‌స్టాటర్ 1948లో థాలియం కలిపిన సోడియం అయోడైడ్‌తో గామా కిరణాలను లెక్కించడం మొదలుపెట్టాక వికిరణ వైద్యం, అణు భౌతికశాస్త్రం ఇలాంటి స్ఫటికాల్లేకుండా ఒక్కరోజు కూడా నడవలేదు.

స్ఫటికాన్ని కొన్ని నానోమీటర్లకు కుదిస్తే ఏమవుతుంది? 1994లో అమెరికాలో భార్గవ బృందం మాంగనీసు కలిపిన జింక్ సల్ఫైడ్ నానోకణాల వెలుగు మిల్లీసెకన్ల బదులు నానోసెకన్లలో ముగుస్తోందని ప్రకటించి సంచలనం రేపింది. ఎందరో దాని వెంటపడ్డారు. 1998లో నెదర్లాండ్స్‌లో బోల్, మైయరింక్ ఓపిగ్గా కొలిచి, మాంగనీసు వెలుగు సుమారు 1.9 మిల్లీసెకన్లే ఉంటుందనీ, నానోసెకన్ల వెలుగు జింక్ సల్ఫైడ్ లోపాలదనీ చూపారు. రెండు వెలుగులు ఒకే తరంగదైర్ఘ్యంలో కలిసిపోయి మోసపుచ్చాయి. పైగా నానోకణంలోకి లోహాన్ని ఎక్కించడమే కష్టమని ఆ తర్వాత తెలిసింది. పెరుగుతున్న కణం ఉపరితలానికి లోహం అతుక్కునే చోట్లను బట్టి లోపలికి పోవడమో బయటే ఉండిపోవడమో జరుగుతుందని 2005లో ఎర్విన్ బృందం వివరించింది. అంటే జాడీలో ఎంత మాంగనీసు వేశామన్నది కణంలో ఎంత ఉందన్నదానికి జవాబు కాదు.

ఈ పరిశోధన సాహిత్యం మీద నాకున్న ప్రధాన ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది. ఏటా ఎన్నో కొత్త స్ఫటికాల్లో మూడు ఆవేశాల యూరోపియాన్ని కలిపి, 394 నానోమీటర్ల దగ్గర వెలిగించి, ఎర్రని ఫోటో వేసి, ఎల్ఈడీకి పనికొస్తుందని ముగించే వ్యాసాలు వస్తున్నాయి. ఆ 394 దగ్గరి గీత చాలా సన్నం, శోషణ చాలా తక్కువ. పీల్చుకున్న దాంట్లో ఎంత వెలుగైంది అన్న అంకె 90 శాతం దాటవచ్చు. వేసిన వెలుతురులో ఎంత వెలుగైంది అన్నది పదో పదిహేనో శాతమైతే దీపానికి అది చాలదు. ఈ రెండో అంకె, 150 డిగ్రీల దగ్గర మిగిలే వెలుగు, స్ఫటికంలో నిజంగా కొలిచిన డోపెంట్ మోతాదు – ఈ మూడూ లేని వ్యాసాన్ని చదివినవారు ఆ పదార్థం పనికొస్తుందో లేదో చెప్పలేరు. ఫిర్యాదు పక్కన పెడితే, స్ఫటికం విలువ తెలియాలంటే గాజును చూడాలి. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం అరుదైన మృత్తికలు (యూరోపియం, సీరియం, డిస్ప్రోసియం వంటి లోహాలు) కలిపిన గాజుల మీద ఏళ్ల తరబడి చేసిన పనికి ఈ రంగంలో పేరుంది. గాజులో ప్రతి అయాన్‌కూ పరిసరం కాస్త వేరుగా ఉంటుంది కనుక గీతలు అలుక్కుపోతాయి. దాని పక్కన పెట్టి చూసినప్పుడే, స్ఫటికం తన అయాన్లన్నింటికీ ఒకే చోటు ఇవ్వడం ఎంత విలువైనదో తెలుస్తుంది.

ముడిసరుకు మాట కూడా చెప్పాలి. శ్రీకాకుళం నుంచి కిందికి మన తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది. అందులోని అరుదైన మృత్తికల్లో దాదాపు సగం సీరియమే, యూరోపియం, డిస్ప్రోసియం మాత్రం బహు స్వల్పం. తెల్ల దీపానికి పసుపునిచ్చే సీరియానికి కొరత లేదు, ఎరుపుకూ దాచుకునే వెలుగుకూ కావలసినవే అరుదు. అందుకే గత పదిహేనేళ్లుగా చూపు మళ్లీ చవకైన మాంగనీసు, క్రోమియం వైపు తిరిగింది. పొటాషియం సిలికాన్ ఫ్లోరైడ్‌లో సిలికాన్ చోట నాలుగు ఆవేశాల మాంగనీసు కుదురుకుని 631 నానోమీటర్ల దగ్గర సన్నని ఎర్ర గీత ఇస్తుంది. దాని ఎలక్ట్రాన్ల అమరిక కెంపులోని క్రోమియానిదే, వెలుగూ అదే స్పిన్ మలుపుది. ఎన్నో ఫోన్లు, టీవీల తెరల వెనక ఇప్పుడు ఉన్నది ఇదే. తయారీలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడాలి, తేమ తగిలితే పైపొరలో మాంగనీసు డయాక్సైడ్ ఏర్పడి గోధుమ రంగుకు తిరుగుతుంది. గింజల మీద రక్షక పొరలు వేసి ఆ ఇబ్బందిని తగ్గిస్తున్నారు. ఆమ్లం లేకుండా అదే ఎరుపును ఆక్సైడ్ స్ఫటికాల్లో తెచ్చే ప్రయత్నాల్లో గీత 650 దాటి కన్ను సరిగా పట్టని చోటికి జరిగిపోతోంది, ఎందుకంటే ఆక్సిజన్‌తో బంధం ఫ్లోరిన్‌తో కంటే ఎక్కువ సమయోజనీయం.